సర్పంచ్ అభ్యర్థి బాండు పేపరు మీద వాతావరణం గురించి ఏం రాయాలి? అపోహలు - వాస్తవాలు

పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు, అభ్యర్థి నోటి మాటే మేనిఫెస్టో. మా నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఆ మాటను బాండు పేపరు మీద రాసిచ్చేవాళ్లు పెరిగారు. నేను ఊళ్లలో నీటి సంరక్షణ పని చేస్తాను. అభ్యర్థులతో కూర్చుని ఆ కాగితంలో వానలు, ఎండలు, బోర్ల గురించి నాలుగు మాటలు రాయించాలని చూస్తుంటాను. అప్పుడు వినిపించేవి ఇవి.

అపోహ: "గదంతా ఢిల్లీల చూసుకునే పని సారూ, సర్పంచ్‌తోని ఏమైతది?"

2070 నాటికి నెట్ జీరో, అంటే గాలిలోకి వదిలే కర్బనం, తిరిగి పీల్చుకునే కర్బనం సమానం చేస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో దేశం మాటిచ్చింది, అది సర్పంచ్ చేతిలో లేదు, నిజమే. కానీ రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలుంటే వాటిలో చిన్ననీటి వనరులు, వాటర్‌షెడ్, సామాజిక అడవులు, తాగునీరు, సంప్రదాయేతర ఇంధనం అన్నీ ఉన్నాయి. వాన రెండు రోజులు దంచికొట్టి నెల రోజులు మొహం చాటేస్తే, పడిన ఆ కాస్త నీళ్లు ఊళ్లో ఆగాయా, వాగుపాలయ్యాయా అన్నది పంచాయతీ పనిని బట్టే ఉంటుంది.

అపోహ: "మిషన్ కాకతీయల చెరువు పూడిక తీసిండ్రు, ఇంక నీళ్ల మీద రాసేదేముంది?"

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ మాటే. పూడిక తీస్తే చెరువు లోతవుతుంది, నిండాలంటే మాత్రం పైనుంచి నీళ్లు రావాలి. ఆ నీళ్లు తెచ్చే కట్టుకాలువ ఒకచోట సర్కారు తుమ్మతో మూసుకుపోయి ఉంటుంది, ఇంకోచోట పక్క రైతు దున్నేసుకుని ఉంటాడు, హైదరాబాద్ వైపు ఊళ్లలోనైతే వెంచర్ ప్లాట్ల కింద పోయి ఉంటుంది. చెరువు ఎండితే బోరు వేస్తాం. మనది రాతి నేల, నీళ్లుండేది పైనున్న చితికిన రాతి పొరలో, దాని కింది పగుళ్లలో. అవి ఖాళీ అయ్యాక ఎనిమిది వందల అడుగులు దింపినా చాలాసార్లు దుమ్మే వస్తుంది, అప్పు మిగులుతుంది. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో ఆ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను ఎలా వంచిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

అందుకే "చెరువును అభివృద్ధి చేస్తా" అని రాయొద్దంటాను. "గెలిచిన మొదటి ఎండాకాలంలోనే ఊరివాళ్లతో కలిసి కట్టుకాలువ పొడవునా నడిచి, ఎక్కడెక్కడ తెగిందో, ఎక్కడ ఆక్రమణ ఉందో రాసి గ్రామసభలో చదువుతా, మృగశిర కార్తెలోపు కంప కొట్టిస్తా" అని రాయాలి. కొత్త బోర్లను అదుపులో పెట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, దాన్ని ఊళ్లో అమలు చేయిస్తానని రాయడానికి మాత్రం చాలామంది జంకుతారు, ఓట్లు పోతాయని టెన్షన్. ఆ భయం నాకు అర్థమవుతుంది, అయినా రాయమనే అడుగుతాను.

అపోహ: మొక్కలు నాటితే వాతావరణం పని అయిపోయినట్టే.

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టమే బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది. హామీలో ఎన్ని నాటుతారో కాకుండా మూడో ఎండాకాలానికి ఎన్ని బతికుంటాయో రాయండి, ట్యాంకర్ ఏ రోజుల్లో తిరుగుతుందో కూడా. వేప, కానుగ, చింత, నేరేడు పెట్టండి. కోతులను తరుముతామని అందరూ రాస్తారు గానీ గుట్ట మీద వాటికి తిండి చెట్లు లేకపోతే అవి మళ్లీ ఇళ్ల మీదికే వస్తాయి.

"పంచాయతీకి పైసలేవి?" అనేది సగం నిజం. నిధులు ఆలస్యమవుతాయి, నేనూ చూశాను. కానీ 2021-26 మధ్య 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనులకే వాడాల్సినవి: అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాననీటి నిల్వ లాంటి వాటికే. ఇంటి మీద సోలార్ పెట్టించుకుంటే కేంద్రం పథకం పీఎం సూర్యఘర్‌లో పంచాయతీకి కూడా ఇంటికి 1,000 రూపాయల ప్రోత్సాహకం ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలా ఊరంతా సోలార్ చేస్తామని మాత్రం తొందరపడి రాయొద్దు, అది ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు, పైలట్‌గా చేశారు. ముందు పంచాయతీ ఆఫీసు, బడి, అంగన్‌వాడీ కప్పులతో మొదలుపెట్టండి.

అపోహ: "దీనికి ఓట్లు రావు."

వాతావరణ మార్పు అనే మాటకు రావు. ఎండకు వస్తాయి. 2025లో మన తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవాళ్ల కుటుంబానికి 4 లక్షలు ప్రకటించింది. దేవరకొండ వైపు ఒక తండాలో వార్డుకు నిలబడిన అక్క ఈ విషయం విని తన కాగితంలో ఒకే హామీ రాయించుకుంది: ఏప్రిల్, మే నెలల్లో ఉపాధి పని పొద్దున ఆరింటికే మొదలుపెట్టించి పదకొండుకల్లా ఆపిస్తా, పని దగ్గర టెంటు, కుండలో నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టిస్తా, లేకపోతే నన్నే వచ్చి అడగండి.