ప్రాణమున్న చీమను ఫొటో తీయడం

ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1665లో వెలువరించిన సూక్ష్మదర్శిని చిత్రాల గ్రంథంలో ఈగ కన్ను, పేను వంటివి ఎన్ని ఉన్నా, ఆయనను బాగా ఇబ్బంది పెట్టినది చీమ. కాళ్ళను జిగురుతో అంటిస్తే ఒళ్ళు మెలితిప్పుకొనేది, చంపితే ఆకారం చెడిపోయేది. చివరకు దానిని బ్రాందీలో ముంచితే గంటకు పైగా కదలకుండా పడి ఉండి, ఆ తరువాత హఠాత్తుగా లేచి పారిపోయిందని ఆయనే రాశాడు.

నేటి కెమెరాల వెనుక ఉన్నవారిని వేధించేదీ ఈ కదలికే. కీటకం సెన్సర్ మీద తన అసలు పరిమాణంలో పడితే అది మామూలు మాక్రో. అత్యంత సమీప చిత్రణ ఆ హద్దు దాటాక మొదలవుతుంది. కానన్ సంస్థ 1999లో తెచ్చిన 65 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు ఐదు రెట్ల వరకు పెద్దది చేసి చూపుతుంది. అప్పుడు 36 × 24 మిల్లీమీటర్ల సెన్సర్‌లో పట్టేది 7.2 × 4.8 మిల్లీమీటర్ల మేర మాత్రమే; లెన్సుకూ కీటకానికీ మధ్య మిగిలే దూరం సుమారు 4 సెంటీమీటర్లు. ఎపర్చర్ (కాంతి లోపలికి వచ్చే లెన్సు రంధ్రం) ఎఫ్ 2.8 వద్ద స్పష్టంగా కనిపించే లోతు దాదాపు 0.04 మిల్లీమీటరు, అంటే తలవెంట్రుక మందమంతైనా కాదు. ఎపర్చర్‌ను తగ్గిస్తే లోతు పెరిగే మాట నిజమే కాని, ఐదు రెట్ల వద్ద ఎఫ్ 8 ఆచరణలో ఎఫ్ 48తో సమానమవుతుంది. అంత ఇరుకు రంధ్రంలో కాంతి వివర్తనం చెంది, అంటే అంచుల వద్ద వంగి చెదిరి, చిత్రమంతా మసకబారుతుంది.

ఫోకస్‌ను కొంచెం కొంచెంగా జరుపుతూ తీసిన ఫొటోలలోని స్పష్టమైన భాగాలను కంప్యూటర్‌లో ఒకటిగా కలపడం దీనికి విరుగుడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రకృతి చరిత్ర మ్యూజియంలోని నమూనాలను ఫొటోగ్రాఫర్ లెవన్ బిస్ ఈ పద్ధతిలోనే, ఒక్కో కీటకానికి వేల ఫొటోలు కలిపి చిత్రించాడు. అయితే అవి ప్రాణం లేనివి. బతికున్న చీమ రెండు ఫొటోల నడుమ స్పర్శశృంగాన్ని ఒక్కసారి కదిపినా, కలిపిన చిత్రంలో దానికి మూడో శృంగం మొలుస్తుంది.

అందువల్ల అనుభవజ్ఞులు తెల్లవారుజామునే బయలుదేరుతారు. చాలా కీటకాల ఒంటి వేడి పరిసరాలను అనుసరించి మారుతుంది కనుక, రాత్రి చలికి బిగుసుకున్న తూనీగ ఎండ తగిలి కండరాలు వేడెక్కేదాకా ఎగరలేదు. నీలిచారల తేనెటీగల్లో మగవి గడ్డిపరకను దవడలతో కరచి పట్టుకొని నిద్రపోతాయి. కీటకాల సంయుక్త నేత్రాల్లోని నేత్రాంశాలను, అంటే ఆ కన్ను నిండా ఉండే చిన్న చిన్న కళ్ళను, విడివిడిగా చూపగల ఫొటోలు ఎక్కువగా ఈ వేళలోనే సాధ్యమవుతాయి. కీటకాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మందగింపజేసేవారూ లేకపోలేదు. హుక్‌కు వేరే దారి లేదు గాని, ఈనాడు ఆ పని సమర్థనీయం కాదని నా అభిప్రాయం. పైగా చలికి ముడుచుకున్న కాళ్ళు ఫొటోలో ఆ సంగతిని బయటపెట్టేస్తాయి.

తక్కువ శక్తితో వెలిగే ఫ్లాష్ సెకనులో పదివేలవ వంతు లోపే ఆరిపోయి, చేతి వణుకును చాలావరకు కప్పిపుచ్చుతుంది. కీటకం ఒంటిపై ఉండే నున్నటి కైటిన్ కవచం మీద తెల్లటి మెరుపు మచ్చలు పడకుండా ఫ్లాష్ ముందు పలుచని తెల్లని తెర అమర్చాలి. గాలి సంగతి వేరు. దానికి చాలామంది పాటించే ఉపాయం చాలా సాదాది: కీటకం వాలిన పుల్లను ఎడమచేత్తో పట్టుకొని, లెన్సును ఆ చేతి మీదనే ఆనిస్తే, పుల్లా కెమెరా కలిసే ఊగుతాయి.