నాలుగో తూటా వెనక కథ

లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆన్‌లైన్ యుద్ధపు ఆట ఆడేవాళ్ళకి, అందులోని జిన్ అనే పాత్ర తుపాకీ గురించి చెప్పక్కర్లేదు. దాంట్లో నాలుగే తూటాలు. నాలుగోది తప్పకుండా క్రిటికల్, అంటే మామూలు కన్నా పెద్ద దెబ్బ. పైగా ఎదుటివాడి హెల్త్ ఎంత తగ్గి ఉంటే అంత గట్టిగా తగులుతుంది. ఆ తర్వాత రీలోడ్ చేసుకోవాల్సిందే. అతని గ్రెనేడ్ నలుగురి దాకా ఎగిరెగిరి తగులుతుంది, అతని అన్నిటికన్నా పెద్ద అస్త్రమైన అల్టిమేట్‌లోనూ నాలుగే గుళ్ళు. రయట్ గేమ్స్ 2016లో తెచ్చిన ఈ పాత్ర, హత్యని కళ అనుకునే హంతకుడు. నాలుగు అంకె అంటే అతనికి పిచ్చి.

అతని ఊరు అయోనియా కల్పిత దేశమే అయినా, దాని పోలికలు తూర్పు ఆసియావి. ఈ నాలుగు కూడా అక్కడిదేనని నా నమ్మకం. చైనా భాషలో 'నాలుగు', 'చావు' అనే మాటలకి పలుకు ఒకటే, స్వరంలోనే తేడా. చైనా లిపితో పాటు ఆ మాటలు జపాన్, కొరియాలకి వెళ్ళాక ఆ కాస్త తేడా కూడా పోయింది. జపాన్‌లో రెండూ 'షి', కొరియాలో రెండూ 'స'. అందుకే జపాన్‌వాళ్ళు నాలుగుకి 'యోన్' అనే తమ సొంత మాట ఎక్కువగా వాడతారు. అక్కడ చాలా ఆసుపత్రుల్లో నాలుగో నంబరు గది ఉండదు. కొరియా లిఫ్టుల్లో 4 ఉండాల్సిన బటన్ మీద చాలాచోట్ల ఇంగ్లిష్ 'ఎఫ్' కనిపిస్తుంది.

మనకిది కొత్తేం కాదు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని 'లాభం' అని మొదలుపెట్టి, ఆరు తర్వాత 'ఆరున్నొక్కటి' అనేవారు. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుంది కదా. ఏడ్చే పిల్లాణ్ణి 'ఆరున్నొక్క రాగం తీస్తున్నాడు' అనడమూ అందులోంచి వచ్చిందే. జపాన్ 'యోన్', మన 'ఆరున్నొక్కటి' చేసే పని ఒకటే: చెవికి చేదైన మాటని తప్పించడం.

పాశ్చాత్యులు అశుభం అనుకునే 13నో 666నో గోడ మీద రాసి భయపెట్టే ఆటలు బోలెడున్నాయి. అవి నాకు పెద్దగా ఆనవు. జిన్ విషయంలో అంకె ఆటగాళ్ళ లెక్కలోకే దిగింది. ఒకటి, రెండు, మూడు... మూడోది పేలగానే లేన్‌లో, అంటే రెండు జట్లూ తలపడే దారిలో, ఎదురుగా ఉన్నవాడు కొట్టబోతున్న మినియన్‌ని (చిన్న సైనికుణ్ణి) వదిలేసి, కాపు కాసే తన టవర్ కిందికి పరిగెడతాడు. 'షి' అన్న మాట వాడు ఎన్నడూ విని ఉండకపోవచ్చు. అయినా నాలుగంటే హడలే.