ఇనుగుర్తి నుంచి మొదలైన ఓరుగల్లు అచ్చు జాడ

వరంగల్, హనుమకొండల్లో సీసపు అక్షరాలు పేర్చి అచ్చువేసే పాత లెటర్‌ప్రెస్సులు చాలావరకు మూతబడ్డాయి. ఏ ప్రెస్సు ఎప్పుడు పెట్టారు, ఏమేం అచ్చువేసింది అని ఆరా తీస్తే ఒక్కోసారి యజమాని మనవలకు కూడా తెలియదు. మన కవుల గురించి, పత్రికల గురించి ఎంతో కొంత రాసుకున్నాం. వాళ్ల రాతను కాగితం మీదికి తెచ్చిన ప్రెస్సుల గురించి రాసుకున్నది చాలా తక్కువ.

ఈ కథ ఎత్తుకోవాల్సింది పట్నంలో కాదు, ఇనుగుర్తి అనే పల్లెలో. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. నిజాం పాలనలో కచేరీ భాష, చదువు భాష ఉర్దూ. హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం 1904లోనే వెలిసినా, అందులోకి వచ్చే తెలుగు పుస్తకాలు ఎక్కువగా బయట అచ్చయినవే. అలాంటి రోజుల్లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే అన్నదమ్ములు సొంత ఊళ్లోనే ప్రెస్సు పెట్టి, 1922లో ‘తెలుగు పత్రిక’ తెచ్చారు. అదే ఏడాది నల్లగొండలో షబ్నవీసు వెంకట రామనరసింహారావు ‘నీలగిరి పత్రిక’ మొదలుపెట్టారు. ఇనుగుర్తిలో రాసింది ఒద్దిరాజు అన్నదమ్ములే, అచ్చు పని చూసుకున్నదీ వాళ్లే. పత్రిక కొన్నేళ్లే నడిచింది. అయినా ఒక పల్లె నుంచి వారం వారం తెలుగు అచ్చు బయటికి రావడం ఆ కాలానికి ఎంత పెద్ద పనో, అక్షరాలు పేర్చే తీరు తెలిస్తే అర్థమవుతుంది.

అక్షరాలు పేర్చే కంపోజిటర్ ముందు కేసులు, అంటే గళ్ల పెట్టెలు ఉంటాయి. గుణింతాలకు, ఒత్తులకు, సంయుక్తాలకు వేర్వేరు గళ్లు. ఇంగ్లిష్‌కు రెండు కేసులతో సరిపోయే పని తెలుగుకు చాలదు. ఏ గడిలో ఏ అక్షరం ఉందో చెయ్యే గుర్తుపెట్టుకోవాలి. అక్షరాలు తిరగేసి ఉంటాయి కాబట్టి అద్దంలో చూసినట్టు చదవాలి. చేతిలో పట్టుకునే స్టిక్‌లో వరస పేర్చి, గ్యాలీ అనే పళ్లెంలోకి మార్చి, ప్రూఫ్ తీసి, తప్పులు దిద్ది, చేజ్ అనే ఇనుప చట్రంలో బిగిస్తే అప్పుడు ట్రెడిల్ అనే అచ్చు యంత్రం ఎక్కుతుంది. అచ్చయ్యాక ఆ పేజీని విప్పేసి, ఒక్కో అక్షరాన్నీ మళ్లీ దాని గడిలో వేస్తారు. అంటే రేపటి పని కోసం ఇవాళ్టి పేజీని ప్రెస్సే చెరిపేయాలి. అరిగిన టైపును కరిగించడానికి ఇచ్చేస్తారు. ప్రెస్సు మూసిన రోజు మిగతా సీసం కూడా తూకానికి పోతుంది. ఇక అక్కడ ఏం జరిగిందో చెప్పడానికి మిగిలేది అచ్చయిన కాగితమే.

కాగితం విషయంలో మాత్రం ఉత్తర తెలంగాణకు సొంత బలం ఉండేది. 1938లో మొదలైన సిర్పూర్ పేపర్ మిల్లు చుట్టూ కాగజ్‌నగర్ పెరిగింది. 2014లో మూతబడిన ఆ మిల్లు 2018లో చేతులు మారి మళ్లీ నడిచింది.

1940ల చివర పాములపర్తి సదాశివరావు, పి.వి. నరసింహారావు వరంగల్ నుంచి ‘కాకతీయ పత్రిక’ నడిపారు. 1958లో ఎం.ఎస్. ఆచార్య ‘జనధర్మ’ మొదలుపెట్టారు. ఈ పేర్లు అందరికీ తెలుసు. కానీ ఊళ్లోని మామూలు ప్రెస్సు ఏ పత్రికనో నమ్ముకుని బతకలేదు. పెళ్లిపత్రికలు, బిల్లు బుక్కులు, బడి ప్రశ్నపత్రాలు, సినిమా కరపత్రాలు, ఎలక్షన్ పాంప్లెట్లే దానికి తిండి పెట్టాయి. కంప్యూటర్ మీద పేజీలు కూర్చే డీటీపీ వచ్చి, శివకాశిలో అచ్చయిన రెడీమేడ్ కార్డులు వచ్చి పడ్డాక ఆ పనులన్నీ ఒక్కొక్కటిగా పోయాయి.

ఇప్పుడు జాడ తీయాలంటే ఆ చిల్లర కాగితాలే ఆధారం. అచ్చువేసినవాళ్ల పేరు, ఊరు పుస్తకం మీద ఉండాలని 1867 నాటి చట్టం చెప్పేది. మన దగ్గరికి ఆ చట్టం హైదరాబాద్ సంస్థానం విలీనమయ్యాకే వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2023 చట్టం పుస్తకాలను పూర్తిగా వదిలేసింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించిన మార్పు. ఎన్నికల కరపత్రాల మీద మాత్రం ప్రింటర్ పేరు, చిరునామా ఇప్పటికీ తప్పనిసరి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఏ సెక్షన్ కింద దాని ప్రతి ఒకటి జిల్లా మేజిస్ట్రేట్‌కో, రాష్ట్ర రాజధానిలోనైతే ప్రధాన ఎన్నికల అధికారికో పంపాలి.

ఇంట్లో తాతల నాటి పెళ్లిపత్రిక ఉంటే అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వరస చూడండి. ప్రెస్సు పేరు, వీధి పేరు ఉంటాయి, తేదీ ఎలాగూ ముహూర్తంలోనే ఉంటుంది. ఒకే ప్రెస్సువి పది దొరికితే, అది ఏ ఏళ్లలో పనిచేసింది, ఎప్పుడు వీధి మారింది, చేతి టైపు వదిలి ప్లేట్లతో అచ్చువేసే ఆఫ్‌సెట్‌కు ఎప్పుడు వెళ్లింది అనేవి చాలావరకు తేలిపోతాయి. పాత కాగితాలవాడికి వేసే ముందు రెండు వైపులా ఫొటో తీసి పెట్టండి.