రూ.30 వేల సెంటు సీసా, రూ.3 వేల సెంటు సీసా: అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో సెంట్ల కొట్టు నడుపుతున్నాను. పెళ్ళి ముహూర్తాలు మొదలయ్యాయంటే కుర్రాళ్ళు ఫోన్లో ఒకే సీసా ఫొటో చూపిస్తారు: క్రీడ్ కంపెనీ అవెంటస్. 2010లో వచ్చింది. 100 మి.లీ. సీసా మన దగ్గర పాతిక వేలు దాటే ఉంటుంది. "అంత పెట్టలేమండి, అలాంటిదే ఇంకోటి ఉందంట కదండీ?" అంటారు వెంటనే. ఉంది. ఎమిరేట్స్‌లోని స్టెర్లింగ్ పర్ఫ్యూమ్స్ వాళ్ళు ఆర్మాఫ్ పేరు మీద 2015లో తెచ్చిన క్లబ్ డి న్యూట్ ఇంటెన్స్ మ్యాన్. 105 మి.లీ. సీసా రూ.3 వేలకు అటూ ఇటూగా దొరుకుతుంది. తీరా డబ్బులు తీసే ముందు సందేహాలు మొదలవుతాయి. ఆ సందేహాలకే ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: అంత తక్కువకి వస్తోందంటే అది డూప్లికేటే.

వాస్తవం: కాదండి. ఒక సెంటును పోలిన వాసన తయారుచేసి, సొంత పేరు పెట్టి, సొంత సీసాలో అమ్మడం వేరు. పెద్ద కంపెనీ పేరు, లేబుల్ అచ్చు దించి ఏదో నింపి అమ్మడం వేరు. రెండోది నేరం. మొదటిదాని మీద దేశదేశాల్లో వాదన నడిచింది. సెంటు వాసనకు కాపీరైట్ లేదని ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం 2006 జూన్‌లో చెప్పింది. అదే నెలలో నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు ఉండొచ్చని తీర్పిచ్చింది. పేరు, లేబుళ్ళ విషయంలో మాత్రం ఎక్కడా ఇలాంటి సందిగ్ధం లేదు.

అసలు భయపడాల్సింది రోడ్డు పక్కన రూ.500కి దొరికే 'అవెంటస్' గురించి. దాంట్లో ఏం కలిపారో చెప్పే నాథుడు ఉండడు. మన దేశంలో చట్టబద్ధంగా అమ్మే విదేశీ సెంటు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. కువైట్ నుంచో దుబాయ్ నుంచో బాబాయి గారు తెచ్చిన సీసా మీద ఆ దిగుమతిదారు స్టిక్కరు ఉండదు, కోనసీమలో అలాంటి సీసా లేని ఇల్లు తక్కువ. అది దొంగ సరుకు అనుకోనక్కర్లేదు. పెట్టె మీది బ్యాచ్ నంబరు, సీసా అడుగున ఉన్నది ఒకటేనా అన్నది చూసుకోండి.

అపోహ: ఖరీదైనవి పూలతో చేస్తారు, చవకవి కెమికల్స్‌తో.

వాస్తవం: ఈ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దీని వల్లే జనం అనవసరంగా డబ్బు పోగొట్టుకుంటున్నారు. 1882లో హూబిగాంట్ అనే ఫ్రెంచ్ కంపెనీ వాళ్ళ ఫూజేర్ రోయాల్ సెంటులో ప్రయోగశాలలో తయారైన కూమరిన్ అనే సుగంధ పదార్థం వాడారు. ఆనాటి నుంచి మగవాళ్ళ కోసం వచ్చిన పేరున్న సెంట్లలో కృత్రిమ పదార్థాలు లేనిది వెతికి పట్టుకోవాలి. మల్లెల నుంచి కిలో సారం తీయాలంటే వందల కిలోల పూలు కావాలి. కడియపులంక పూల మార్కెట్‌లో వేసవిలో మల్లెల ధర చూసినవాళ్ళకు ఆ లెక్క ఇట్టే తెలుస్తుంది. తిమింగలం వాంతి అని పేపర్లలో రాస్తుంటారే, ఆ అంబర్‌గ్రిస్ వ్యాపారం మన దేశంలో నిషిద్ధం. ఆ వాసన కోసం ఇప్పుడు ఆంబ్రాక్సాన్ వాడతారు. దాన్ని ఎక్కువగా క్లారీ సేజ్ అనే మొక్క సారం నుంచి తయారుచేస్తారు. ఖరీదైన సీసాలోనూ ఇలాంటివి ఉంటాయి, చవక సీసాలోనూ ఉంటాయి.

మరి తేడా ఎక్కడ? మొదటి గంటలో. నా ముందు ఎవరు పోల్చి చూసుకున్నా ఎడమ ముంజేతి మీద ఒకటి, కుడి ముంజేతి మీద ఒకటి కొట్టిస్తాను. అవెంటస్ కొట్టగానే అనాసపండు తీపి, దాని వెనక సన్నగా పొగ వాసన, రెండూ మెత్తగా కలిసి వస్తాయి. ఆర్మాఫ్‌ది మొదట నిమ్మ ఘాటుతో గుప్పుమంటుంది. "ఫ్లోర్ క్లీనర్‌లా ఉందేంటండీ" అని మొహం చిట్లించినవాళ్ళున్నారు. అక్కడే వద్దనేయకండి. ఊళ్ళో పని చూసుకుని గంటన్నర ఆగి రమ్మంటాను. అప్పటికి నిమ్మ పోయి, పొగ, కస్తూరి లాంటి వాసన మిగులుతాయి. ఏ చేతికి ఏది కొట్టారో చాలామంది తేల్చి చెప్పలేరు. ఆ మొదటి గంట సొగసు కోసం పాతిక వేలు పెట్టగలిగినవాళ్ళు పెట్టొచ్చు, అది నిజంగానే బాగుంటుంది. మిగతా ధరలో బ్రాండు, ప్రకటనలు, షోరూములు, సుంకాలు ఉన్నాయి.

అపోహ: సీసా మీద 'ఓ ద పర్ఫ్యూమ్' అని రాసుంటే వాసన ఎక్కువసేపు, 'ఓ ద టాయిలెట్' అని ఉంటే తక్కువసేపు.

వాస్తవం: ఓ ద పర్ఫ్యూమ్‌లో సాధారణంగా సుగంధ నూనెల శాతం ఎక్కువ, అంతవరకు నిజమే. కానీ ఏ నూనెలు వేశారన్నది అంతకన్నా ముఖ్యం. నిమ్మజాతి వాసనలు త్వరగా ఎగిరిపోతాయి, చెక్క, కస్తూరి వాసనలు చర్మాన్ని పట్టుకుని ఉంటాయి. పైన చెప్పిన ఆర్మాఫ్ ఓ ద టాయిలెట్టే, అయినా చాలా ఓ ద పర్ఫ్యూమ్‌ల కంటే ఎక్కువసేపు నిలుస్తుంది.

అపోహ: నాకే వాసన రావట్లేదంటే అయిపోయినట్టే.

వాస్తవం: మీ ముక్కు అలవాటు పడిపోయింది, అంతే. పక్కవాళ్ళను అడగండి. మే నెల ఉక్కలో, ఏసీ లేని కల్యాణమండపంలో, పది సార్లు కొట్టుకుని వచ్చిన ఒక్కరు చాలు, పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళకు తలనొప్పి రావడానికి. వేడికి సెంటు తొందరగా లేస్తుంది. వేసవిలో రెండు మూడు సార్లకు మించి వద్దు.

కొన్నాక మూడు నెలలు బీరువాలో దాచితేనే పదును వస్తుందని కూడా అంటారు. నూనెలు కలిసి మాగే పని చాలావరకు ఫ్యాక్టరీలోనే అయిపోతుంది. బండి డిక్కీలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి, ఎండకు పాడయ్యేది అక్కడే.

ఇక పెళ్ళికొడుకులకు. తెల్ల పంచె మీద, పట్టు కండువా మీద నేరుగా కొడితే మరకలు పడతాయి, కొన్ని ఉతికినా పోవు. గడ్డం గీసుకున్న వెంటనే మొహానికి కొట్టుకుంటే భగ్గున మండుతుంది. కొత్త సెంటయితే మోచేతి మడతలో ఒక చుక్క రాసి ఒక రోజు చూడండి, దురద వస్తే మానేయండి. స్నానం చేసి ఒళ్ళు పూర్తిగా ఆరాక ఛాతీ మీద, మెడ వెనక కొట్టుకుని, తడి ఆరేదాకా ఆగి పంచె కట్టుకోండి. సీసాలో ఎక్కువ భాగం ఆల్కహాలే, దానికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. కాబట్టి ఫొటోల ముందు ఇంకోసారి కొట్టుకోవాలనిపిస్తే విడిది గదిలోకి వెళ్ళి కొట్టుకోండి, హోమం దగ్గర మాత్రం సీసా మూత తీయకండి.