మీ పాప కాళ్లకున్నవి చక్రాలండీ: స్కేటింగ్, ఒలింపిక్స్, కొన్ని అపోహలు - వాస్తవాలు

విశాఖలో పిల్లలకు రోలర్ స్కేటింగ్ నేర్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లు దాటింది. నాలుగేళ్లకోసారి ఫిబ్రవరిలో వింటర్ ఒలింపిక్స్ మొదలవగానే నా ఫోన్ కూడా మొదలవుతుంది. "మాస్టారూ, టీవీలో మన స్కేటింగ్ చూపిస్తున్నారండీ!" మనది కాదండీ బాబూ, అది ఐస్.

అపోహ: స్కేటింగ్ ఒలింపిక్స్‌లో ఉంది కదా, మా పాప కూడా వెళ్లొచ్చు.

వాస్తవం: మీ పాప కాళ్లకున్నవి చక్రాలు. వింటర్ స్పోర్ట్ అంటే మంచు మీదో ఐస్ మీదో ఆడేది మాత్రమే అని ఒలింపిక్స్ నియమావళి, ఒలింపిక్ చార్టర్, ఒక్క ముక్కలో తేల్చేసింది. మీ పాప ఎంత కష్టపడుతుంది, ఎంత వేగంగా వెళ్తుంది అన్నది ఆ గుమ్మం దగ్గర ఎవరూ అడగరు. పోనీ సమ్మర్ ఒలింపిక్స్ ఉందిగా అంటారు. అక్కడా లేదు. రోలర్ హాకీ 1992లో బార్సిలోనాలో, మెడల్స్ లెక్కలోకి రాని ప్రదర్శన క్రీడగా ఒకసారి కనిపించి వెళ్లిపోయింది. 2020 ఒలింపిక్స్ కోసం వేసిన షార్ట్‌లిస్ట్ దాకా రోలర్ స్పోర్ట్స్ వచ్చాయి, అక్కడే ఆగిపోయాయి. చివరికి టోక్యోలో మెడల్స్ ఇచ్చింది స్కేట్‌బోర్డింగ్‌కి. రెండింటికీ అంతర్జాతీయ సమాఖ్య ఒకటే, వరల్డ్ స్కేట్. పెద్దోడు గుమ్మంలో నిలబడి ఉండగానే చిన్నోడు లోపలికెళ్లి విస్తరి ముందు కూర్చున్నట్టు ఉంటుంది మా పరిస్థితి.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ ఒక్క అపోహ మీద జనం డబ్బు తగలేసుకుంటున్నారు. కిందటేడు గాజువాక నుంచి ఒకాయన తొమ్మిదేళ్ల కూతుర్ని తీసుకొచ్చారు. చేతిలో ఏదో అకాడమీ పాంప్లెట్, దాని మీద ఐదు రింగుల బొమ్మ. బంగారం తాకట్టు పెట్టి డెబ్బై రెండు వేల రూపాయల బూట్లు కొన్నారట. నేను వంగి బూటు ముందు భాగం నొక్కి చూశాను. బొటనవేలు అప్పుడే తగులుతోంది. ఎదిగే పిల్లల పాదానికి కార్బన్ బూటు ఎన్నాళ్లొస్తుంది? ఆ మాట ముందు చెప్పలేక మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను.

విన్నాక ఆయనకు కోపం వచ్చింది, నా మీద కాదు. "చీపుర్లతో ఐస్ ఊడిస్తే ఒలింపిక్ మెడలంట! మా పాప అంత స్పీడుగా పోద్ది, ఇది ఆట కాదా మాస్టారూ?"

న్యాయమైన ప్రశ్నే. ఆయనన్న చీపురు ఆట పేరు కర్లింగ్. దాన్ని తీసిపారేయకండి గానీ. అందులో ఐస్ మీద గురి దాకా జార్చే గ్రానైట్ రాయి ఇరవై కిలోలకి దగ్గరగా ఉంటుంది. ముందు బ్రష్‌తో గట్టిగా రుద్దితే ఐస్ పైపొర కాస్త వేడెక్కి, రాయి ఇంకొంచెం దూరం, ఇంకొంచెం నేరుగా పోతుంది. అయినా ఆ కర్లింగ్ కూడా 1924లో షామొనీలో ఆడాక డెబ్బై ఏళ్లు పైగా మెడల్స్‌కి బయటే ఉంది. మళ్లీ మెడల్స్ ఇచ్చింది 1998లో నగానోలో. చిన్న స్లెడ్ మీద బోర్లా పడుకుని తల ముందుకి పెట్టి ఐస్ ట్రాక్‌లో జారే స్కెలిటన్ 1928లో ఒకసారి, 1948లో ఒకసారి, రెండుసార్లూ సెయింట్ మోరిట్జ్‌లోనే, ఎందుకంటే ట్రాక్ అక్కడుంది. తర్వాత 2002 దాకా ఊసే లేదు. ఫిగర్ స్కేటింగ్ అయితే మొదట వచ్చింది 1908 లండన్ క్రీడల్లో, అంటే సమ్మర్ ఒలింపిక్స్‌లో! స్కీ జంపింగ్, క్రాస్ కంట్రీ స్కీయింగ్ కలిపి ఆడే నార్డిక్ కంబైన్డ్‌లో ఆడవాళ్లకి 2026లో కూడా చోటివ్వలేదు. అదే 2026లో స్కీలతో కొండెక్కి దిగే స్కీ మౌంటెనీరింగ్ కొత్తగా వచ్చి చేరింది. బురదలో, గడ్డిలో సైకిల్ తొక్కే సైక్లోక్రాస్ వాళ్లు, క్రాస్ కంట్రీ పరుగు వాళ్లు మాకూ వింటర్‌లో చోటివ్వండని అడిగితే మంచు క్రీడల సమాఖ్యలు ఒప్పుకోలేదు. అర్హత ఒక్కటే చూసి తలుపు తీస్తారనుకుంటే పొరపాటు. వాదించండి, నేనూ మీ పక్కనే కూర్చుని వాదిస్తాను. ఆ వాదన నమ్ముకుని తాకట్టు కొట్టుకి మాత్రం వెళ్లకండి.

అపోహ: రోలర్‌లో మొనగాడైతే ఐస్ మీద రెండు నెలలు చాలు.

అందరూ ఎరిన్ జాక్సన్ పేరు చెప్తారు. నిజమే, ఆ అమెరికా అమ్మాయి ఇన్‌లైన్ (చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే రోలర్ స్కేటింగ్) నుంచే వచ్చి, ఐస్ మీద కొద్ది నెలల ప్రాక్టీసుతో 2018 ఒలింపిక్స్ జట్టులోకి వెళ్లింది. 2022లో బీజింగ్‌లో 500 మీటర్ల స్వర్ణం గెలిచింది. కానీ ఆవిడ అప్పటికే ఇన్‌లైన్‌లో ప్రపంచ స్థాయి. నా సంగతి చెప్తాను. దిల్లీ వైపు ఒక ఇండోర్ రింక్‌లో, పిల్లల ముందు కాస్త గొప్పకి పోయి మొదటి మలుపులోనే వెల్లకిలా పడ్డాను. సన్నటి బ్లేడు, అంచు మీద ఒరగడం, ఆగడం, అన్నీ వేరు. నడుం నొప్పి సంక్రాంతి దాకా ఉంది. పైగా మన దేశంలో ఐస్‌కి సంఘం వేరు, రోలర్‌కి ఫెడరేషన్ వేరు. ఇక్కడి సర్టిఫికెట్ అక్కడ చెల్లదు.

ఫిగర్ స్కేటింగ్ లాగా జడ్జీలు మార్కులేసేది ఆటే కాదంటారా? అయితే జిమ్నాస్టిక్స్, డైవింగ్ కూడా తీసేయండి. ఎండ ప్రాంతం పిల్లలకి ఐస్ పట్టుబడదంటారా? ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో తెలంగాణ పిల్లలు మెడల్స్ తెచ్చారు, చూసుకోండి.

ఒలింపిక్స్‌లో లేదు కాబట్టి నేర్పడం దండగ అనేవాళ్లూ తయారయ్యారు. హైదరాబాద్ అబ్బాయి యామా అనూప్ కుమార్ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చాడు, తర్వాత అర్జున అవార్డు వచ్చింది. 2023లో హాంగ్‌జౌలో మన రిలే జట్లకి రెండు కాంస్యాలు. చెన్నై కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 2025లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. స్పోర్ట్స్ కోటా సంగతి మాత్రం నన్ను కాదు, అకాడమీ వాళ్లని అసలే కాదు, ఆ ఏడు నోటిఫికేషన్ తెచ్చుకుని మీ కళ్లతో చదవండి.

గాజువాక పాప ఇప్పటికీ వస్తోంది, మా సీనియర్ అమ్మాయి వాడేసిన బూట్లతో. మొన్న ఫిబ్రవరిలో రాత్రి పదిన్నరకి వాళ్ల నాన్న ఫోన్. పాపకి ఏమైనా అయిందేమోనని టెన్షన్ పడ్డాను. "చీపురు ఆట వస్తోంది మాస్టారూ, పాప నిద్రపోనివ్వట్లేదు. హ్యామర్, హ్యామర్ అంటున్నారు, సుత్తి ఎక్కడా కనబడదేంటి?" చివరి రాయి వేసే హక్కుని హ్యామర్ అంటారని చెప్పేసరికి పదకొండైంది.