అరెస్టు, నోటీసు, రిమాండ్: మా లాయర్ల ఆఫీసులో రోజూ వినే అపోహలు

రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగిందంటే చాలాసార్లు ఒకటే మాట: "సార్, మావాణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్లారు." ఆ వెంటనే ఏదో ఒక అపోహ.

అపోహ: ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసే కదా, 41ఏ నోటీసు ఇచ్చి పంపేయాల్సిందే.

41ఏ అంటే అరెస్టు చేయకుండా విచారణకు రమ్మనే నోటీసు. పాత సీఆర్‌పీసీలోని ఆ సెక్షన్ ఇప్పుడు కొత్త నేర విచారణ చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 35(3). పోలీసులూ మేమూ ఇంకా పాత పేరే వాడుతున్నాం. 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అరెస్టులు వద్దనలేదు. ఎందుకు అవసరమో పోలీసులు రాసివ్వాలంది. అది చూడకుండా రిమాండ్ రాయొద్దని మేజిస్ట్రేట్లకూ చెప్పింది. అంటే గొడవంతా ఆ కాగితం మీదే. ఓసారి నేను చూసిన అరెస్టు కారణాల చెక్‌లిస్టులో ఐదు గడులకూ టిక్కులే, "పారిపోతాడు" అన్నదానికి కూడా. మనిషేమో కిరాణా కొట్టు నడుపుకునేవాడు, స్టేషన్‌కి నాలుగు వీధుల అవతల సొంతిల్లు. "దీనికి ఆధారమేది?" అన్నారు మేజిస్ట్రేట్. ఎస్సై దగ్గర జవాబు లేదు. రిమాండ్ ఆగింది.

వాట్సాప్‌లో పంపితే ఈ నోటీసు ఇచ్చినట్టు కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. చేతికి అందాక మాత్రం ఎగ్గొట్టకండి. వెళ్లకపోవడమే అరెస్టుకు కారణమవుతుంది.

అపోహ: ఎందుకు పట్టుకున్నారో నోటితో చెప్తే చాలు.

రాజ్యాంగంలోని 22(1) అధికరణం కారణాలు తెలపాలంది, ఎలాగో చెప్పలేదు. ఆ ఖాళీని తీర్పులు పూరించాయి. 2023లో పంకజ్ బన్సల్ కేసులో మనీలాండరింగ్ అరెస్టులకు రాసివ్వాలన్నారు. 2024లో ఉగ్రవాద నిరోధక చట్టం యూఏపీఏకు, 2025 నవంబరులో అన్ని నేరాలకూ అదే వర్తింపజేశారు. అదీ నిందితుడికి అర్థమయ్యే భాషలో. అప్పటికప్పుడు కుదరకపోతే నోటితో చెప్పి, మేజిస్ట్రేట్ ముందు పెట్టడానికి కనీసం రెండు గంటల ముందైనా కాగితం ఇవ్వాలి. తెలుగు తప్ప రాని మనిషికి ఇంగ్లీషు కాగితమిచ్చి సంతకం పెట్టించుకుంటే ఆ అరెస్టే నిలవకపోవచ్చు.

అపోహ: అరెస్టయ్యాక మేజిస్ట్రేట్ ముందు పెట్టడానికి 24 గంటలంటే గడియారం చూసి 24 గంటలే.

కోర్టుకు తీసుకెళ్లే ప్రయాణ సమయం అందులో కలపరు.

అపోహ: కోర్టు కొట్టేసిన సెక్షన్ కింద కేసు పెట్టరు.

ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పెడితే శిక్షించే ఐటీ చట్టం సెక్షన్ 66ఏను 2015లో కొట్టేశారు. దాని కింద ఇంకా కేసులు పెడుతున్నారని 2021లో తెలిసి సుప్రీంకోర్టే నివ్వెరపోయింది. చట్టం పుస్తకాల్లో సెక్షన్ అలాగే ఉంది, కొట్టేసిన సంగతి మాత్రం కింద ఫుట్‌నోట్‌లో. అది చదివేదెవరు? అందుకే ఎఫ్‌ఐఆర్ కాపీ రాగానే నా కళ్లు ముందు సెక్షన్ల గడి మీదికే పోతాయి.