లారీ మళ్లితేనే తీరే అప్పు: టోలు ఎక్స్‌ప్రెస్‌వేల వెనక మూడున్నర శతాబ్దాల కథ

ఒక ప్రాంతానికి ఆధారమైన ప్రధాన రహదారి వాహనాలతో నిండిపోయినప్పుడు, దానికి సమాంతరంగా టోలు వసూలు చేసే కొత్త ఎక్స్‌ప్రెస్‌వే వేయాలన్న ప్రతిపాదన వస్తుంది. దూరప్రయాణాల లారీలు కొత్త దారికి మళ్లుతాయని, ఊళ్ల మధ్య నుంచి పోయే పాత రోడ్డు మీద ఒత్తిడి తగ్గుతుందని, నిర్మాణానికి తెచ్చిన అప్పు వాహనాలు కట్టే రుసుముతోనే తీరిపోతుందని ఆ ప్రతిపాదన చెబుతుంది. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి నిలిచే మాటలు. లారీ రాకపోతే పాత రోడ్డు ఖాళీ కాదు, అప్పూ తీరదు. అప్పు త్వరగా తీరాలని రుసుము పెంచితే అందరికన్నా ముందు వెనక్కి తగ్గేది ఆ లారీయే. ఈ చిక్కు మోటారు బండి పుట్టకముందు నుంచీ ఉంది.

1663లో ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం చేసింది. లండన్ నుంచి ఉత్తరానికి వెళ్లే గ్రేట్ నార్త్ రోడ్డు మీద బార్లీ, మాల్టు మోసే బరువు బండ్లు వారం వారం నడిచి దారిని ఛిద్రం చేస్తుండగా, దాన్ని బాగుచేసే బాధ్యత మాత్రం ఆ దారి పోయే గ్రామాల మీదే ఉండేది. అంతకు ముందు శతాబ్దంలో వచ్చిన చట్టాల ప్రకారం గ్రామస్థులు ఏడాదికి ఆరు రోజులు కూలి లేకుండా దారి పని చేయాలి. ఎవరి సరకో పోయే దారికి ఎవరో చాకిరీ చేయడం అన్యాయమన్న ఫిర్యాదు నుంచే, వాడుకునేవాడే కట్టాలన్న సూత్రం పుట్టింది. హెర్ట్‌ఫర్డ్‌షైర్, కేంబ్రిడ్జ్‌షైర్, హంటింగ్డన్‌షైర్ కౌంటీలకు సుంకం వసూలు చేసుకునే అధికారం వచ్చింది. ఆ మూడు కౌంటీల గేట్లలో వేడ్స్‌మిల్ గేటు ఒక్కటే సరిగా నడిచింది. కాక్స్‌టన్ గేటును బండివాళ్లు పక్క దారుల గుండా సులువుగా తప్పించుకుపోయేవారు. స్టిల్టన్‌లో స్థానికుల వ్యతిరేకత ముందు గేటు నిలబడనేలేదు. నేటి టోలు రహదారుల వైఫల్యాలను చదువుతున్నప్పుడల్లా నాకు కాక్స్‌టన్ గుర్తుకు వస్తుంది, ఎందుకంటే ఆ తరువాతి చరిత్రలో చాలా భాగం అక్కడే సూక్ష్మరూపంలో కనిపిస్తుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో దారుల నిర్వహణ టర్న్‌పైక్ ట్రస్టుల (సుంకపు గేట్లు పెట్టి దారులు నడిపే సంఘాల) చేతికి వెళ్లింది. అవి సుంకం ఆదాయాన్ని హామీగా చూపి అప్పు తెచ్చి దారులు వేసేవి. ఆర్థిక నమూనాగా చూస్తే నేటి పద్ధతికి అదే మాతృక. బరువుకూ దారి పాడవడానికీ ఉన్న సంబంధం ఆ ట్రస్టులకు బాగా తెలుసు. 1741 నుంచి గేట్ల దగ్గర తూకపు యంత్రాలు పెట్టి, దాదాపు మూడు టన్నులు దాటిన బండ్ల దగ్గర అదనపు సుంకం తీసుకోవడానికి అనుమతి వచ్చింది. 1753లో వచ్చిన చట్టం బరువు బండ్ల చక్రాల అంచు తొమ్మిది అంగుళాల వెడల్పు ఉండాలని శాసించింది. సన్న చక్రం దారిని కోస్తుందని, వెడల్పు చక్రం రోలరులా అణచి గట్టిపరుస్తుందని అప్పటి నమ్మకం. 1830ల నాటికి వెయ్యికి పైగా ట్రస్టుల కింద ఇరవై వేల మైళ్లకు మించిన దారులు ఉన్నాయి. రైలు వచ్చి దూరపు సరకును ఎత్తుకుపోగానే వాటి ఆదాయం కూలిపోయింది, ఆఖరి ట్రస్టు 1895లో ముగిసింది.

రైలు కన్నా ముందే ఒక హెచ్చరిక వేల్స్ నైరుతి ప్రాంతం నుంచి వచ్చింది. అక్కడి ఆమ్లనేలలకు సున్నం వేయకపోతే పంట పండదు. రైతు సున్నపు బట్టీ దాకా బండి తోలుకెళ్లి, నింపుకుని తిరిగి రావాలి. వేర్వేరు ట్రస్టులు ఎవరి గేటు వారు పెట్టుకోవడంతో, ఒక్క బండి సున్నానికి కట్టే సుంకం సున్నం ధరతో పోటీపడే స్థితి వచ్చింది. గేటు దాటకుండా పక్క సందుల్లోంచి పోయేవారిని పట్టడానికి ఆ సందుల మొగల్లో కూడా గేట్లు వెలిశాయి. 1839 మే నెలలో ఎఫైల్‌వెన్ గేటును జనం పగలగొట్టారు. ఆడవేషాలు కట్టిన మగవాళ్లు రాత్రివేళ గేట్లను ధ్వంసం చేసిన ఈ తిరుగుబాటు రెబెకా అల్లర్ల పేరుతో 1843 దాకా సాగింది. విచారణ సంఘం నివేదిక తరువాత 1844లో చట్టం మార్చి, ట్రస్టులను కలిపి, సున్నం బండ్ల సుంకాన్ని సగానికి తగ్గించారు. సుంకం రేటు న్యాయమైనదే అయినా, గేట్ల మధ్య దూరం తగ్గితే అది మోయలేని భారమవుతుందని పాలకులు నేర్చుకున్నది అప్పుడే.

మోటారు వాహనాలకు మాత్రమే కేటాయించిన టోలు రహదారిగా 1924 సెప్టెంబరులో ఇటలీలో మిలాన్ నుంచి వరేజే వరకు ఆటోస్ట్రాడా తెరిచారు. ఇంజనీరు పియెరో పురిచెల్లి దాని రూపకర్త. అప్పటికి అక్కడ వాహనాలే తక్కువ, కాబట్టి ఆశించిన ఆదాయం రాలేదు. చివరకు 1933లో ప్రభుత్వమే దాన్ని తీసుకుంది.

ఆధునిక టోలు ఎక్స్‌ప్రెస్‌వే మీద నమ్మకం కలిగించినది 1940 అక్టోబరు 1న అమెరికాలో తెరిచిన పెన్సిల్వేనియా టర్న్‌పైక్. దాని వెనకా సరకు రవాణా కథే ఉంది. 1883లో అల్లెఘెనీ కొండల గుండా ఒక రైలుమార్గానికి సొరంగాలు తవ్వడం మొదలుపెట్టి, పోటీ కంపెనీల మధ్య రాజీ కుదరడంతో 1885లో పని ఆపేశారు. సగంలో ఆగిన ఆ సొరంగాలు అర్ధశతాబ్దం నీళ్లు నిండి పడి ఉన్నాయి. కొత్త రహదారికి కావలసిన ఏడు సొరంగాలలో ఆరు వాటి నుంచే వచ్చాయి. రైలు కోసం ఎంచుకున్న బాట కాబట్టి ఎక్కుడు తక్కువ. పాత కొండదారి నూరడుగులకు తొమ్మిదడుగుల వరకు ఎక్కుతుంటే, కొత్తది మూడడుగులు మించలేదు. నిండు లోడుతో కొండ ఎక్కుతూ మొదటి గేరులో మూలిగే లారీకి, దిగేటప్పుడు బ్రేకులు కాలిపోతాయేమోనని గుండె చేత్తో పట్టుకునే డ్రైవరుకు ఆ తేడా ఏమిటో చెప్పనక్కరలేదు. పిట్స్‌బర్గ్, హ్యారిస్‌బర్గ్‌ల మధ్య ప్రయాణం ఐదున్నర గంటల నుంచి రెండున్నర గంటలకు తగ్గింది. అంతకు ముందు ఏడాదే ఫెడరల్ రహదారుల విభాగం, దేశమంతటా టోలు రహదారులు వేస్తే రుసుముతో ఖర్చులో సగం కూడా రాదని నివేదిక ఇచ్చింది. పెన్సిల్వేనియాలో మాత్రం ఏడాదికి 13 లక్షల వాహనాలు వస్తాయని అంచనా వేస్తే 24 లక్షలు వచ్చాయి.

ఆ విజయాన్ని చూసి అనేక రాష్ట్రాలు టర్న్‌పైకులు కట్టాయి. కానీ పెన్సిల్వేనియాలో లారీ ఎందుకు వచ్చిందన్న సంగతి తరువాతివారు సరిగా చదువుకోలేదని నా అభిప్రాయం. రుసుము కట్టి మరీ లారీ వచ్చింది కొత్త దారి మీద మోజుతో కాదు; పాత దారిలో ఇంధనం, బ్రేకులు, సమయం రూపంలో అంతకన్నా ఎక్కువ పోగొట్టుకుంటున్నందువల్ల. ప్రత్యామ్నాయం అంత కష్టంగా లేని చోట ఆ లెక్క తారుమారవుతుంది. మరొక సంగతి కూడా ఉంది. నాలుగు వరుసల రహదారి రెండు వరుసల సొరంగంలోకి సన్నబడే చోట క్రమంగా వాహనాలు బారులు తీరాయి. 1964లో ఒక సొరంగాన్ని, 1968లో మరో రెండింటిని వదిలేసి పక్కన కొత్త దారి వేయవలసి వచ్చింది. రద్దీ తగ్గించడానికి వేసిన దారి పాతికేళ్లలో తానే రద్దీకి లోనైంది. రద్దీ వేళల్లో ఎక్స్‌ప్రెస్‌వే సామర్థ్యం ఎంత పెంచితే అంత వరకూ నిండుతుందని అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లో రాశారు. నగరాల్లో రోడ్డు పొడవు పెరిగినంత నిష్పత్తిలోనే వాహనాల ప్రయాణమూ పెరుగుతోందని 2011లో ఆర్థికవేత్తలు డ్యురాంటన్, టర్నర్‌ల పరిశోధన లెక్కలతో చూపింది.

1956లో అమెరికా పెట్రోలు పన్నుతో అంతర్రాష్ట్ర రహదారులు కట్టాలని నిర్ణయించడంతో అక్కడ టోలు వెనకబడింది. అదే కాలంలో ఇలినాయ్‌లోని ఒటావా దగ్గర 1958 నుంచి 1960 వరకు ప్రయోగపు రోడ్ల మీద పగలూ రాత్రీ లారీలను తిప్పి దెబ్బతినే తీరును కొలిచారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు పదహారు రెట్లవుతుందని తేలింది. అంటే రోడ్డును నిజంగా అరగదీసేది బరువు లారీయే, కారు లెక్కలోకే రాదు. న్యాయంగా వసూలు చేస్తే లారీ రుసుము చాలా ఎక్కువ ఉండాలి. అంత వసూలు చేస్తే లారీ రాదు. టోలు రేట్ల పట్టికలన్నీ ఈ రెండింటి మధ్య కుదిరిన రాజీలే.

అప్పు తీరగానే రహదారిని ఉచితం చేస్తామన్న మాట చాలా దేశాల్లో వినిపించింది. జపాన్‌లో ప్రపంచ బ్యాంకు రుణసాయంతో కట్టిన మెయిషిన్ ఎక్స్‌ప్రెస్‌వే మొదటి భాగం 1963లో తెరిచారు. ఒక్కో రహదారి ఖర్చు ఆ రహదారే తీర్చుకుంటుందన్న నియమాన్ని 1972లో పక్కనపెట్టి, అన్ని మార్గాల ఆదాయాన్నీ ఒకే ఖాతాలో కలిపారు. ఉచితం కావలసిన గడువు జరుగుతూ జరుగుతూ, 2023 చట్టంతో 2115 దాకా వెళ్లింది. మరమ్మతుల ఖర్చు ఎప్పటికీ తీరేది కాదు కనుక ఇందులో మోసం ఉందని నేను అనను. అయితే ఆ సంగతిని మొదటి రోజే చెప్పి ఉండవలసింది.

లారీ రాని రహదారుల కథలు గత ముప్పయ్యేళ్లలో పెరిగాయి. మెక్సికోలో 1989 తరువాత ప్రైవేటు కంపెనీలకు యాభైకి పైగా టోలు మార్గాలు అప్పగించారు. త్వరగా డబ్బు రాబట్టాలని రుసుము ఎక్కువ పెట్టడంతో లారీలు పాత ఉచిత రోడ్లను వదలలేదు. 1997లో 23 మార్గాలను ప్రభుత్వం వెనక్కి తీసుకుని అప్పు నెత్తికెత్తుకుంది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గరి ఎం6 రహదారి రద్దీని తగ్గించడానికి 2003 డిసెంబరులో 27 మైళ్ల ఎం6 టోల్ తెరిస్తే కార్లు కొంత మళ్లాయి. లారీలు రాకపోవడంతో ఏడాది తిరగకముందే వాటి రుసుము తగ్గించారు. టెక్సస్‌లో ఆస్టిన్ నగరం గుండా పోయే ఐ-35 అంతర్రాష్ట్ర రహదారి మీద లారీల ఒత్తిడి తగ్గించేందుకు వేసిన ఎస్‌హెచ్ 130 టోలు రహదారిలోని ప్రైవేటు భాగం 2012లో గంటకు 85 మైళ్ల వేగపరిమితితో తెరుచుకుంది. అమెరికాలో అంత వేగానికి మరెక్కడా అనుమతి లేదు. ఆ కంపెనీ 2016లో దివాలా పిటిషను వేసింది.

ఆ వేగం లారీకి ఎందుకు అక్కరకు రాలేదో కిరాయి లెక్క తెలిసినవారికి అర్థమవుతుంది. కిరాయి ముందే మాట్లాడుకున్న ట్రిప్పులో టోలు ఎవరు భరించాలో విడిగా రాసుకోకపోతే అది లారీ యజమాని జేబులోంచే పోతుంది. కొత్త దారిలో గంట కలిసివచ్చినా, సరకు దించవలసిన గోడౌను తెల్లవారాక గాని తెరవకపోతే, ఆ గంట గేటు బయట వరుసలో నిలబడి కరిగిపోతుంది. మధ్యలో రెండు ఊళ్లలో లోడు దించాలంటే, ఎక్కి దిగే కూడలి (ఇంటర్‌ఛేంజ్) ఎక్కడో దూరంగా ఉన్న ఎక్స్‌ప్రెస్‌వే పనికేరాదు. కారులో పోయేవారికి మిగిలిన గంట వారి సొంతం, లారీకి మిగిలిన గంట ఎవరి సొంతమో ముందుగా తేలాలి.

ఒప్పందాల్లో దాగే షరతుల వల్ల కూడా పాత రోడ్డు నష్టపోతుంది. కాలిఫోర్నియాలో 91వ నంబరు రహదారి మధ్యలో 1995లో ప్రైవేటు టోలు వరుసలు తెరిచినప్పుడు, పక్కనున్న ఉచిత వరుసలను విస్తరించకూడదన్న నిబంధన ఒప్పందంలో ఉంది. టోలు కట్టని వేలమంది ప్రతిరోజూ ఇరుకులో నిలబడ్డారు. ఆ నిబంధన నుంచి బయటపడటానికి స్థానిక రవాణా సంస్థ 2003లో 20 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి ఆ వరుసలను కొనవలసి వచ్చింది.

పక్క దారుల గుండా సుంకం తప్పించుకునే కాక్స్‌టన్ నాటి చిక్కుకు గట్టి సమాధానం వెతికిన దేశాలు స్విట్జర్లాండు, జర్మనీ. స్విట్జర్లాండు 2001 నుంచి మూడున్నర టన్నులు దాటిన లారీల దగ్గర బరువు, దూరం, పొగ కాలుష్యం లెక్కన అన్ని రోడ్ల మీదా రుసుము తీసుకుంటోంది. అందులో పెద్దభాగం ఆల్ప్స్ కింది రైలు సొరంగాల వంటి పనులకు వెళ్లింది. జర్మనీ 2005లో ఉపగ్రహ సాయంతో, 12 టన్నులు, ఆపైన ఉన్న లారీలకు ఆటోబాన్ (అక్కడి ఎక్స్‌ప్రెస్‌వే) మీద మాత్రమే రుసుము పెట్టింది. కొన్ని చోట్ల లారీలు పక్కనున్న ఫెడరల్ రోడ్లలోకి దిగి ఊళ్ల మధ్యకు వచ్చాయి. 2015లో బరువు హద్దును ఏడున్నర టన్నులకు దించి, 2018 జులై 1 నుంచి ఫెడరల్ రోడ్లన్నిటికీ రుసుమును విస్తరించారు. పాత రోడ్డు మీద కూడా రుసుము ఉన్నప్పుడు దాన్ని తప్పించుకోవడానికి ఊళ్లోకి దిగవలసిన అవసరం లారీకి ఉండదు. అయితే దగ్గరలో ఎక్స్‌ప్రెస్‌వే సౌకర్యమే లేని ప్రాంతాల సరకు మీద కూడా అప్పుడు ఆ భారం పడుతుంది. కొత్త దారి వల్ల ఏ లాభమూ పొందని ఆ ఊళ్లకు ఎంత మినహాయింపు ఇవ్వాలో, ఆ మేరకు తగ్గే ఆదాయాన్ని ఎక్కడి నుంచి పూడ్చాలో రోడ్డు వేసిన తరువాత కాకుండా రేటు పట్టిక తయారుచేసే నాడే తేల్చుకోవలసి ఉంటుంది.